కవల స్ఫటికములు – వాని నెఱుగు విధము



తొలకరి వానలు కురిసిన పిమ్మట కర్నూలు జిల్లాయందలి జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములందును, అనంతపురము జిల్లాయందలి వజ్రకరూరు పరిసరములందును జనులు చేలలో వంగి వజ్రములకై వెదకుచుందురు. వజ్రమునకు ఆరు కొనలు, ఎనిమిది తలములు, పండ్రెండు అంచులు నుండునని మన ప్రాచీన రత్నశాస్త్రములు చెప్పినవి. ఆ మాట సత్యమే. కాని ఆ లక్షణము నొక్కదానినే మనసున నుంచుకొని వెదకువానికి బల్లపరుపుగా ముక్కోణాకారముతో నున్న రాయి దొరకినచో, ఇది వజ్రము కాదని పారవేయుటకు అవకాశము కలదు. ఆ ముక్కోణపు రాయియు వజ్రమే కావచ్చును. అయితే అది ఒంటి వజ్రము గాక కవల వజ్రమై యుండును. కావున స్ఫటికములలో కవల యనగా నేమి, దాని నెట్లు గుర్తింపవలెను అను విషయము గ్రామములందలి పెద్దలు తెలిసికొనదగినదే యని తలచి, నేడు దానినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదట ఒంటి స్ఫటికమును గూర్చి చెప్పవలెను. ఉప్పుమడిలో నీరు ఎండినపుడు ఏర్పడు ఉప్పుకల్లును చూడుడు. అది చతురస్రపు పెట్టెవలె నుండును. దాని నెవ్వరును చెక్కలేదు. దానియందలి సూక్ష్మకణములు వరుసలుగా అమరుటచేతనే ఆ రూపము వచ్చినది. నేర్పరియైన తాపీపనివాడు ఇటుకలను వరుస తప్పక పేర్చినపుడు గోడ నిట్టనిలువుగా లేచును గదా! అట్లే కణముల వరుస తప్పనిచోట స్ఫటికపు తలములు చదునుగాను, అంచులు తిన్నగాను ఏర్పడును. స్ఫటికము చిన్నది కావచ్చును, పెద్దది కావచ్చును, ఒకప్రక్క పొడవై మఱియొకప్రక్క కుఱుచ కావచ్చును. అయినను ఒకే జాతి రాతియందు సరిపోలు రెండు తలముల నడిమి కోణము మాత్రము మారదు. ఈ సంగతిని పలుగురాతి స్ఫటికములందు 1669లో డెన్మార్కు దేశీయుడగు స్టెనో గుర్తించెను. 1783లో ఫ్రాన్సు దేశీయుడగు రోమె ద లీల్ అనేక ఖనిజములందు కోణములు కొలిపించి, ఇది సర్వసామాన్యమైన నియమమని స్థాపించెను. పలుగురాతి స్ఫటికపు నిలువు తలములు ఏ దేశమునందు దొరకినదైనను 120 డిగ్రీల కోణముతోనే కలియును.

ఇక కవల యేది? రెండు స్ఫటికములు అంటుకొని యున్నంతమాత్రమున కవల కాదు. నేను చిరకాలము వ్యాకరణము చెప్పినవాడను గనుక, నాకు తెలిసిన పోలికతో చెప్పెదను. రెండు పదములు ప్రక్కప్రక్కన వ్రాసినంత మాత్రమున సంధి యనిపించుకొనదు. ఏ అచ్చునకు ఏ అచ్చు పరమైనపుడు ఏమి జరుగునో చెప్పు సూత్రమొకటి యుండవలెను. ఆ సూత్రము ఎక్కడ వర్తించినను ఒకే ఫలము నియ్యవలెను. స్ఫటికములలోను అంతే. ఒకే జాతి రాతికి చెందిన రెండు భాగములు ఒక నియమము ననుసరించి, ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబమువలెనో, లేక ఒక ఇరుసుపై సరిగా సగము చుట్టు త్రిప్పినట్లో కలిసి పెరిగినచో అది కవల. అవి కలియుచోట రెండిండ్లకు ఉమ్మడి గోడవలె ఒక కణముల వరుస ఇరుప్రక్కలకును చెల్లుచుండును. పటికబెల్లపు గడ్డలో పలుకులు కలిసియున్నవి. కాని వానికి సూత్రము లేదు. ఒక్కొక్కటి తన యిచ్చవచ్చిన దిక్కునకు మొగమై యుండును. కావున అది గుంపే కాని కవల కాదు.

ఈ భేదము తెలియుటకు ఒక్కటే గట్టి ఉపాయము. ఒకే చోట దొరకిన రాళ్లు పదింటిని ముందు పెట్టుకొని చూడవలెను. జంటలన్నిటియందును ఒకే కోణము మరల మరల కనబడినచో అది కవల. ఒక్కొక్క జంటయందు ఒక్కొక్క కోణమున్నచో అది కాకతాళీయమైన కలయిక. స్పెయిను దేశమునందలి నవాహూన్ అను చోట పసిడివన్నె గల పైరైటు అను రాతి ఘనములు మిక్కిలి అందముగా ఒకదానిలో నొకటి చొచ్చుకొని దొరకును. చూచినవారు కవలలని భ్రమపడుదురు. వానిలో చాలవఱకు కోణమునకు నియమము లేదు. కావున అవి కవలలు కావు.

కవలలు మూడు తెఱగులు. ఒక తలముమీద ఆని కలిసినవి మొదటి తెఱగు. ఒకదానిలోనికి మఱియొకటి చొచ్చుకొని పోయినవి రెండవ తెఱగు. పలుచని పలకలుగా ఒకటి విడిచి యొకటి దిక్కు మార్చుచు అనేక పర్యాయములు కలిసినవియు, చక్రాకారముగా తిరిగి కలిసినవియు మూడవ తెఱగు.

వీనిని గుర్తించు చిహ్నములలో మొదటిది లోమూల. ఒంటి స్ఫటికమునకు మూలలన్నియు వెలుపలికే పొడుచుకొని యుండును. ఇల్లు బయటినుండి చూచినపుడు మూల వెలికి వచ్చినట్లుండును. లోపలినుండి చూచినపుడు మూల లోనికి పోయినట్లుండును. రాతిమీద ఈ రెండవరీతి మూల, అనగా రెండు పూరియిండ్ల కప్పులు కలిసినచోట నీరు దిగు పల్లమువంటి గాడి కనబడినచో, అక్కడ ఒకటికంటె నెక్కువ స్ఫటికము లున్నవని తెలియవలెను. అయితే లోమూల కనబడగానే కవల యని నిశ్చయింపరాదు. ఒకే దిక్కున ప్రక్కప్రక్కన పెరిగిన స్ఫటికముల నడుమకూడ గాడి యుండును. అట్టి వానియందు అన్ని భాగముల తలములును ఒకేసారి తళుక్కుమనును. కవలయందు ఒక భాగము మెరసినపుడు రెండవదానియందలి కొన్ని తలములైనను మెరయక యుండును. మఱియు లోమూల లేకున్నను కవల యుండవచ్చును.

రెండవ చిహ్నము గీతలు. అనేక స్ఫటికముల తలములపై సన్నని గీతలుండును. ఒకే తలమున గీతలు కొంత దూరము పోయి, ఒక తిన్నని రేఖవద్ద దిక్కు మార్చి ఈతాకు రెమ్మవలె రెండు వైపులకు చీలినచో ఆ రేఖయే కవల కూడిన చోటు. మూడవ చిహ్నము మెఱుపు. రాతిని ఎండలో మెల్లగా త్రిప్పుచుండగా ఒక సగము మెరసి రెండవ సగము మసకగా నుండి, మఱికొంత త్రిప్పినపుడు ఆ మసక సగము మెరసి మెరసినది మసకబారినచో, రెండు సగముల దిక్కులు వేఱని యర్థము. నాలుగవది, ఆ జాతికి ఉండరాని రూపము కనబడుట. దీనిని ఉదాహరణలతో చూతము.

జిప్సమును తెలుగున హరసొఠము అందురు. ఇది గోటితో గీచిన గీత పడునంత మెత్తనిది. దీని కవల స్ఫటికము వానకోయిల తోకవలె చివర రెండుగా చీలి యుండును. ఆ చీలికయే లోమూల. ఇంత స్పష్టమైన కవల వేఱొకటి లేదు. మొదట నేర్చువారు దీనితో నారంభించుట మేలు.

స్టారోలైటు అను గోధుమవన్నె రాయి సిలువ యాకారమున దొరకును. ఆ పేరునకు మూలమైన గ్రీకు పదమునకు సిలువ యనియే యర్థము. రెండు కడ్డీలవంటి స్ఫటికములు ఒకదానిలో నొకటి చొచ్చి, ఇంచుమించు 90 డిగ్రీలతోనైనను, ఇంచుమించు 60 డిగ్రీలతోనైనను కలిసియుండును. ఈ రెండు కోణములే కాని నడిమి కోణములు నియమముగా కనబడవు. ఫ్రాన్సునందలి బ్రెటనీ సీమయందును, అమెరికాయందలి వర్జీనియా రాష్ట్రమునందును ఇవి ప్రసిద్ధములు. జనులు వీనిని రక్షరేకులవలె ధరించుటచేత, మెత్తని రాతిని సిలువగా చెక్కి అమ్మువారును బయలుదేరిరి. మంచి స్టారోలైటుపై చాకుమొన గీత పడదు. చెక్కిన మెత్తని రాతిపై పడును. కడ్డీల అంచులు, కలిసినచోటి గాడి భూతద్దముతో చూచినచో ఆకురాతి జాడలు కూడ బయటపడును.

ఫ్లోరైటు అను రాయి ఘనాకారముగా నుండును. దాని కవలయందు ఒక ఘనము మూలనుండి ఎదురుమూలకు పోవు ఇరుసుపై తిరిగి రెండవదానిలో దూరును. అందుచేత ఒక ఘనపు చదునైన తలముపైనుండి రెండవదాని మూల చిన్న గోపురమువలె లేచియుండును. ఇంగ్లండునందలి వియర్‌డేలు లోయలో ఇట్టివి విరివిగా దొరకినవి. రూటైలు అను రాయి మోకాలు వంచినట్లు వంగును. ఆ వంపు ఎక్కడ చూచినను ఇంచుమించు 114 డిగ్రీలే.

ఇక మన ప్రాంతమునకు సంబంధించిన ఫెల్స్పారును చూతము. నెల్లూరు సీమయందలి గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో అభ్రకముతోపాటు పలుగురాయియు ఫెల్స్పారును దొరకును. ఫెల్స్పారు పింగాణి సామానునకు, గాజునకు పనికివచ్చును. దానిలో పొటాషు గలది యొకటి, సోడా సున్నములు గలది మఱియొకటి. పైకి రెండును తెలుపుగానో లేత గులాబివన్నెగానో యుండి వేఱుచేయుటకు వీలులేనట్లు తోచును. ఇక్కడ కవల చిహ్నమే మనకు సాయపడును. రెండవ జాతి పలుచని పలకలుగా మాటిమాటికి కవల కట్టును. కొత్తగా పగిలిన నున్నని తలమును ఎండకు పట్టి భూతద్దముతో చూచినచో, అద్దకోలతో గీచినట్లు తిన్నగా, సమాంతరముగా సన్నని గీతలు కనబడును. పొటాషు జాతియందు ఇట్టి గీతలు కనబడవు. దానిలో కొన్నిచోట్ల తెల్లని నరములవంటి చారలుండును గాని, అవి వంకరటింకరగా నుండును. రాతిని త్రిప్పినపుడు తళుక్కుమనవు. వానిని కవల గీతలని పొరపడరాదు. పొటాషు జాతికి వేఱొక కవల కలదు. కొత్తగా పగిలిన గ్రానైటు రాతిలో బొటనవ్రేలంత ఫెల్స్పారు పలుకున్నచో దాని నిలువునా ఒక రేఖ కనబడును. త్రిప్పుచుండగా రేఖకు ఇటుప్రక్క మెరసినపుడు అటుప్రక్క మసకగాను, అటు మెరసినపుడు ఇటు మసకగాను నుండును. ఇప్పుడు కార్లొవి వారీ యనబడు కార్ల్స్‌బాడు పట్టణపు పేరిట దీనికి నామకరణము చేసిరి. దీనికి ఖర్చు లేదు, పనిముట్టు లేదు. ఎండయు ఓర్పును చాలును.

ఉండరాని రూపమున కుదాహరణము క్రిసోబెరిలు. మనము వైడూర్యమను పిల్లికన్నురాయి ఈ జాతిదే. తూర్పుకనుమలలో నర్సీపట్నపు ప్రాంతమున ఇది దొరకును. దాని ఒంటి స్ఫటికమునకు ఆరు వైపుల సమరూపము లేదు. కాని మూడు భాగములు చక్రమువలె తిరిగి కలిసినపుడు ఆరుమూలల బిళ్లవలె కనబడును. బెరిలు అను వేఱొక రాయి సహజముగనే ఆరుమూలలు గలది. అజాగ్రత్తగా చూచువాడు ఒకదానిని మఱియొకటి యనుకొనును. బిళ్ల యంచున చిన్న లోమూలలు, పైతలమున రేఖల కిరుప్రక్కల ఈతాకురెమ్మవలె చీలిన గీతలు కనబడినచో అది మూడు భాగముల కవల; బెరిలు కాదు. స్పెయినునందలి అరగోను సీమ పేరుగల అరగొనైటు కూడ ఇట్లే మూడు కలిసి ఆరుమూలల స్తంభముగా నటించును. దాని కొనతలమున అతుకుల రేఖలు చూచినచో గుట్టు తెలియును.

పలుగురాతి కవలలు అన్నిటికంటె గడుసువి. జపాను కవల యనబడునది మాత్రము తేలిక. రెండు బల్లపరుపు స్ఫటికములు 84 డిగ్రీలకు కొంచెము పైబడిన కోణముతో తెఱచిన పుస్తకమువలె కలియును. యమనషి సీమయందలి ఒతొమె గనివలన ఆ పేరు వచ్చినది. కాని డోఫినే కవల, బ్రెజిలు కవల అను రెండింటియందు లోమూల యుండదు. పైకి ఒంటి స్ఫటికమే యనిపించును. నిలువు తలములకును కొన తలములకును నడుమ, మూలవద్ద, అప్పుడప్పుడు చిన్న కోసుతలము లుండును. డోఫినే కవలకాని ఒంటి స్ఫటికమున అవి ఒక మూల విడిచి ఒక మూలను వచ్చును. ప్రక్కప్రక్క మూలలందు, ఒకే వైపునకు వ్రాలి, కనబడినచో డోఫినే కవల. ఒకటి కుడికిని ఒకటి ఎడమకును వ్రాలినచో బ్రెజిలు కవల. తలముపై మెఱుపు భేదముతో దేశపటముమీది సరిహద్దులవంటి వంకర రేఖలున్నను కవల యని శంకింపవచ్చును.

ఈ సూక్ష్మభేదముతో మనకేమి పని యని యెవరైన నడుగవచ్చును. ఈ ప్రసంగము మీ చెవిని పడుటకు సాధనమైన రేడియోకే దానితో పని కలిగినది. పలుగురాతి పలకను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సునందు క్యూరీ సోదరులు కనుగొనిరి. అట్టి పలకను నిలకడగా కంపింపజేసి రేడియో తరంగముల వేగసంఖ్య తప్పకుండ నిలుపవచ్చునని అమెరికాయందు కేడీ అను శాస్త్రజ్ఞుడు 1921లో చూపెను. కాని డోఫినే కవలయందు ఒక భాగపు విద్యుద్దిశ రెండవదానికి ఎదురగును. అట్టి పలకలో ఒకటి పుట్టించినదానిని మఱియొకటి అణచివేయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రెజిలు దేశమునుండి తెప్పించిన పలుగురాతినుండి కవల భాగములను వెదకి కోసి పారవేయుటయే పెద్ద పని యయ్యెను. ప్రత్యేకపు వెలుతురులోను, ఘాటైన ఆమ్లములో ముంచియు ఆ భాగములను పట్టుకొనిరి. ఆ ఆమ్లము మాంసమును, ఎముకను కూడ తినివేయునది. ఇంట నెవ్వరును ఆ ప్రయత్నము చేయరాదు. ఆ పిమ్మట కర్మాగారములలో పలుగురాతిని పెంచు విద్య స్థిరపడి ఆ కష్టము తగ్గినది.

ఇప్పుడు మొదట చెప్పిన వజ్రమునకు వత్తము. ఎనిమిది తలముల వజ్రమును ఒక తలమునకు సమాంతరముగా నడిమికి కోసి, పైసగమును సగము చుట్టు త్రిప్పి మరల అంటించినట్లు ఊహింపుడు. అదియే వజ్రపు కవల రూపము. ఇట్లు కలిసిన వజ్రము సాధారణముగా బల్లపరుపుగా పెరిగి ముక్కోణపు బిళ్ల యగును. వ్యాపారులు దీనిని మేకుల్ అందురు. దాని అంచు చుట్టును భూతద్దముతో చూచినచో నడుమ ఒక అతుకురేఖయు, ఆ రేఖ కిరుప్రక్కల చేపముల్లువలె చీలిన గీతలును కనబడును. మూలలవద్ద చిన్న లోమూలలు కూడ నుండవచ్చును. పెద్ద తలములపై అతిసూక్ష్మమైన ముక్కోణపు గుంటలు, తలపు ముక్కోణమునకు తలక్రిందులుగా నుండును. ఈ మూడును కలిసినచో ఆ రాతిని పారవేయరాదు. అతుకువద్ద గట్టిదనపు దిక్కు మారుటచేత దీనిని సానపట్టుట కష్టము. అందుచేత ఎనిమిది తలముల మేలిరాతికంటె వెల తగ్గుట సహజము. అయినను అది వజ్రమే. ముక్కోణముగా నున్నదను నెపముతో గాజుపెంకు వెలకు అడుగువాని మాట నమ్మరాదు.

ఇచ్చట రెండు హెచ్చరికలు. వజ్రము పగులదని సుత్తితో కొట్టి పరీక్షించువారు కలరు. అది మిక్కిలి హానికరము. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు పొరలు విడిచి చీలును. రెండవది, గాజును గీసినంతమాత్రమున వజ్రము కాదు. పలుగురాయియు గాజును గీయును. నీటిలో తూచి చూచినచో వజ్రము తనతో సమానమైన నీటికంటె 3.5 రెట్లును, పలుగురాయి 2.65 రెట్లును బరువుండును. నిశ్చయము కొఱకు ఒకనికి గాక ఇద్దఱు ముగ్గురు నెఱిగినవారికి చూపి, ఆ తరువాతనే వెల మాటలాడుట క్షేమము.

పరీక్షించు క్రమమును సంగ్రహముగా చెప్పి ముగించెదను. రాతిని మెత్తని కుంచెతో నీటిలో కడిగి ఆరబెట్టవలెను. జిప్సమువంటి మెత్తనివానిని రుద్దరాదు. ఉదయపుటెండలో నల్లని గుడ్డపై నుంచి నలుప్రక్కల త్రిప్పి చూడవలెను. మొదట లోమూలను, తరువాత గీతల దిక్కును, పిమ్మట మెఱుపు మార్పును వరుసగా వెదకవలెను. కోణము కొలుచుటకు దళసరి అట్టముక్కలు రెండింటిని ఒక మేకుతో కత్తెరవలె కూర్చి, వాని నడుమ రాతిని పట్టించి, ఆ వెడల్పును బడిపిల్లల కోణమానినిపై చూచుకొనవచ్చును. రోమె ద లీల్ కొఱకు ఆయన శిష్యుడు కరాంజో చేసిన సాధనము ఇట్టిదే. దొరకిన చోటును, కోణమును ఒక చీటిపై వ్రాసి రాతితో నుంచవలెను. ఒక్క రాతిని చూచి తీర్పు చెప్పక, అదే చోటి మఱికొన్నింటితో పోల్చి చూడవలెను.

ఒక ప్రయోగము కనబడినంతనే సూత్రము కల్పింపరాదని మా గురువులు చెప్పెడివారు. అనేక ప్రయోగములందు అదియే నిలిచినపుడు సూత్రమగును. రాళ్ల విషయమునను ఇదే న్యాయము. మీ గ్రామపు చేలలో, వాగులలో, గట్లపై నున్న రాళ్లను మీ మనుమలచేత ఏరించి, ఈ కన్నుతో వారిచేత చూపింపుడు. ఏది సంధియో ఏది కేవలము చేరికయో వారు త్వరలోనే చెప్పగలరు.